ఐదు సిలిండర్లతో గీత దాటిన కారు

1977 జూన్ 12, ఆదివారం మధ్యాహ్నం. ఫ్రాన్స్‌లోని ల మాన్. ఇరవై నాలుగు గంటల కార్ల పోటీ ముగియడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. అందరికంటే ముందున్న తెల్లటి పోర్షె 936 పొగ కక్కుకుంటూ పిట్‌లోకి వచ్చి ఆగింది. నడుపుతున్నవాడు అమెరికన్ డ్రైవర్ హర్లీ హేవుడ్. మెకానిక్‌లు వెనక మూత ఎత్తి చూశారు. ఆరు సిలిండర్లలో ఒకదాని పిస్టన్ దెబ్బతింది.

రెండో స్థానంలోని కారు చాలా ల్యాపులు వెనకబడే ఉంది. అలాగని పిట్‌లో కూర్చుని గెలవడానికి నిబంధనలు ఒప్పుకోవు. గడువు ముగిసే వేళకు కారు తనంతట తాను నడిచి గీత దాటాలి. ఈ ఇంజన్ అంతసేపు బతుకుతుందా?

శనివారం సాయంత్రం పోటీ మొదలైనప్పుడు అందరి కళ్లూ ఫ్రెంచి కంపెనీ రెనో మీదే. రెండు లీటర్ల వి6 టర్బో ఇంజన్లతో నాలుగు రెనో అల్పైన్ ఎ442 కార్లు బరిలో ఉన్నాయి. ఎదురుగా పోర్షె 936లు రెండే. గాలితో చల్లబడే 2142 సీసీ ఇంజన్, రెండు టర్బోలు, ఐదొందలు దాటిన హార్స్‌పవర్.

పోర్షెకు మొదటి దెబ్బ చీకటి పడకముందే తగిలింది. జాకీ ఇక్స్, ఆన్రీ పెస్కరోలోల కారులో కనెక్టింగ్ రాడ్ విరిగి, 45 ల్యాపులకే ఆట ముగిసింది. హేవుడ్ ఉన్న రెండో కారుకు ఇంధన పంపు మార్చాల్సొచ్చి, అది నలభయ్యో స్థానం కిందికి జారింది. జట్టు ఇక్స్‌ను ఆ కారెక్కించింది. ఆ రాత్రి వానలో, పొగమంచులో ఇక్స్ ఒక్కో కారునే దాటుకుంటూ పైకొచ్చాడు. రోడ్డు ఎండినప్పుడు కన్నా తడిసినప్పుడే అతడి చేయి బాగా తిరిగేది.

ఆదివారం ఉదయానికి ముందున్నది జాబుయ్, డెరెక్ బెల్‌ల రెనో. దాని పిస్టన్ పోయింది. పోటీ ముగిసేలోగా మిగతా అల్పైన్‌లూ ఒక్కటొక్కటిగా తప్పుకున్నాయి. నాలుగింటిలో ఒక్కటీ గమ్యం చేరలేదు.

పిస్టన్లే ఎందుకు పోతాయి? ఇంజన్ వదిలే పొగతోనే తిరిగే టర్బో, సిలిండర్లోకి మామూలు కన్నా ఎక్కువ గాలి కుక్కుతుంది. గాలి పెరిగితే ఇంధనమూ పెరుగుతుంది, బలమూ వేడీ జంటగా పెరుగుతాయి. మండే వాయువు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది; అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆ వేడిని రింగుల ద్వారా సిలిండర్ గోడలకూ, అడుగునుంచి ఆయిల్‌కూ ఎప్పటికప్పుడు దించుకుంటేనే పిస్టన్ నిలుస్తుంది. ల మాన్‌లో అప్పటి మ్యుల్సాన్ తిన్నని దారి సుమారు 6 కిలోమీటర్లు. ఒక్కో చుట్టులో దాదాపు నిమిషంపాటు కాలు తీయకుండా నొక్కి ఉంచాల్సిందే. పిస్టన్‌కు ఊపిరాడని చోటు అది.

రాడ్ బాధ వేరు. టర్బో కుక్కే గాలి ఒత్తిడి, అంటే బూస్ట్, దాన్ని పైనుంచి నొక్కుతుంది, ఆర్‌పీఎమ్ దాన్ని సాగదీస్తుంది. పైకెళ్లిన పిస్టన్‌ను ఆపి వెనక్కి లాగే ప్రతిసారీ ఆ భారం రాడ్ మీద, దాని బోల్టుల మీద పడుతుంది. అందుకే చాలా రాడ్లు బూస్ట్ కన్నా వేగానికే లొంగిపోతాయి.

పిట్‌లో మెకానిక్‌లు చెడిన సిలిండర్‌కు ఇంధనమూ నిప్పూ అందకుండా చేశారు. బూస్ట్ తగ్గించారు. స్టీరింగ్ దగ్గరికి యూర్గెన్ బార్త్ వచ్చాడు. అతడు డ్రైవరే కాదు, పోర్షెలో పని నేర్చిన మెకానిక్ కూడా. గడువుకు కొద్ది నిమిషాల ముందు కారు కదిలింది. ఎదుట అతికించిన గడియారం చూసుకుంటూ, ఇంజన్‌ను నొప్పించకుండా బార్త్ రెండు చుట్లు తిప్పి గీత దాటించాడు. మొత్తం 342 ల్యాపులు, 4,600 కిలోమీటర్లకు పైగా. రెండో స్థానం 11 ల్యాపులు వెనకున్న మిరాజ్‌ది. విచిత్రమేమిటంటే, అందులో ఉన్నదీ రెనో టర్బో ఇంజనే.

మరుసటి ఏడాది రెండు కంపెనీలూ పాఠం నేర్చుకునే వచ్చాయి. పోర్షె సిలిండర్ హెడ్లకు నీటి కూలింగ్ తెచ్చింది. రెనో మరింత బలమైన ఎ443ని దింపింది. అది ముందుండగానే ఇంజన్ పోయింది. గెలిచింది దాని తమ్ముడు ఎ442బి, పిరోని, జోసో చేతుల్లో.

నేడు టర్బో మన ఊళ్లలోనే తిరుగుతోంది. నాందేడ్ జిల్లా మాండవి నుంచి కిన్వట్ దాకా పత్తి మోసే డీజిల్ బండ్లలోనూ అదే ఉంటుంది. అవి కంపెనీ లెక్కకట్టి చేసినవి. మామూలు పెట్రోల్ ఇంజన్‌కు సొంతంగా టర్బో పెట్టాలనుకునే కుర్రాళ్లకు మాత్రం 1977 చెప్పేది చాలా ఉంది.

పోత పోసిన కంపెనీ పిస్టన్, ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్‌కు తట్టుకోదు. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేయండి. వాటిలో 4032 మిశ్రమంలో సిలికాన్ సుమారు 12 శాతం. తక్కువ వ్యాకోచిస్తుంది కనుక పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు తక్కువ చాలు, రోజూ తిరిగే బండికి నప్పుతుంది. 2618లో సిలికాన్ నామమాత్రం. దెబ్బలకు ఓర్చుకుంటుంది కానీ ఎక్కువ సందు అడుగుతుంది, పొద్దున చల్లటి ఇంజన్‌లో టకటకమంటుంది. రింగు కొసల మధ్య ఖాళీ మామూలు కన్నా ఎక్కువ ఉంచాలి. లేకుంటే వేడికి కొసలు ఒకదాన్నొకటి తన్ని, పిస్టన్ గాడుల అంచులు పగులుతాయి. రాడ్ ఫోర్జ్‌డ్ ఉక్కుదై, బోల్టులు కొత్తవై ఉండాలి. బోరింగ్ చేయించేముందే పిస్టన్లు తెచ్చి, వాటి కొలతకే బోరు వేయించండి.

బూస్ట్ ఎంతో ముందే తేల్చుకుని భాగాలు వెతకొద్దు. మీ డబ్బుకు ఏ పిస్టన్, ఏ రాడ్ వస్తాయో చూసి, అవి మోయగలిగినంత బూస్టే పెట్టుకోండి.