కుబుసం విడిచే వేళ

జూలూరుపాడు లాంటి అడవి అంచు ఊళ్ళలో కంచెకు వేలాడే కుబుసం వింతేమీ కాదు. వింతంతా పాములవాడి బుట్టలోనే ఉండేది. నాగుపాము కోరలు పీకి, చవితి ముందు రోజుల తరబడి దాహంతో మాడ్చేవారు. గొంతెండిన ప్రాణి గిన్నెలో మూతి పెడితే, "పాలు తాగిందమ్మా!" అని మనం చేతులు జోడించాం. నిజానికి పాలు దానికి అరగవు. కప్పా, ఎలుకా దాని తిండి.

మనవాళ్ళకు పాములు తెలియక కాదు. 1780లలో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్, 1796లో అచ్చయిన తన గ్రంథంలో పాములకు మన పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరకు "కాటుక రేకుల పొడ" అన్న ముద్దుపేరు అందులో ఉంది. ఒంటిమీద మచ్చల్ని అంత పరీక్షగా చూసినవాళ్ళం, దాని ఆకలిని చూడలేదేం?

కుబుసం విడిచే ముందు పాము కళ్ళకు తెల్లటి పొర కమ్ముతుంది. సరిగా కనబడదు, తిండి ముట్టదు, అలికిడైతే బుస కొడుతుంది. ఎదిగే పిల్లపాముకు ఈ అవస్థ మరీ తరచు. అప్పుడు దానికి కావలసింది కాస్త తేమ, ఒళ్ళు రుద్దుకోను గరుకు రాయి, ఏకాంతం. బుట్టలో అవెక్కడివి?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు నాగుపామును పట్టి ఉంచుకోవడం నేరం. ఈ చవితికి పుట్టకు దూరంనుంచే దణ్ణం పెట్టుకుందాం. పాలు పిల్లలకు పడదాం.