ఒక తాతగారి విశ్వాసము: జె.ఆర్.ఆర్. టోల్కీన్ స్మరణ



మన అధ్యక్ష మండల శతజయంతి సంచికలో మన పితరులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. మేము మాత్రము మన మండలమునకు చెందని ఒక తాతగారిని మీకు పరిచయము చేయదలచాము. ఆయన ఆంగ్లేయుడు, రోమన్ కథోలికుడు, మొదటి ప్రపంచ యుద్ధములో పోరాడిన సైనికుడు. పేరు జె.ఆర్.ఆర్. టోల్కీన్. 'ది హాబిట్' (1937), 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954-55) అను కథల రచయితగా లోకము ఆయనను ఎరుగును. మేము చెప్పబోవునది ఆ కథలను గూర్చి కాదు. ఒక ఇంటిలో విశ్వాసము తరము నుండి తరమునకు ఎట్లు అందినదో చూచుటకే ఈ వ్యాసము.

టోల్కీన్ 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటైన్ పట్టణములో జన్మించారు. నాలుగేండ్ల ప్రాయములోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. తల్లి మేబెల్ ఇద్దరు కుమారులతో ఇంగ్లండులో నివసించారు. 1900లో ఆమె కథోలిక సంఘములో చేరారు. ప్రొటెస్టంటులైన బంధువులకు అది గిట్టలేదు. ఇచ్చుచున్న డబ్బు సాయమును సైతము నిలిపివేశారు. ఆ లేమిలోనే ఆమె పిల్లలకు లాటిన్ భాష నేర్పి, ప్రార్థన నేర్పి, 1904లో మధుమేహ వ్యాధితో కన్నుమూశారు. ఇన్సులిన్ మందు ఇంకను కనుగొనని రోజులవి. విశ్వాసము కొరకే తన తల్లి ప్రాణము పెట్టినదని టోల్కీన్ జీవితాంతము తలంచారు.

ఆ బంధువులు మన ప్రొటెస్టంటు శాఖలవారే. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. బాప్తిస్మము పొందినందుకు సొంత ఇంటి గడప బయట నిలువవలసి వచ్చిన అవ్వలు, తాతలు మన తెలుగు సంఘములలోను ఉన్నారు. వారి శ్రమలను చెప్పుకొను మనము, మన శాఖలవారే మరియొకరిని అట్లు శ్రమపెట్టిన సంగతి కూడ దాచకూడదు.

తల్లి పోయిన తరువాత బర్మింగ్‌హాం ఒరేటరీకి చెందిన ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ ఆ అనాథ బాలురకు సంరక్షకులైనారు. తన సొంత సొమ్ము కలిపి వారిని పోషించారు. బాలురు ఉదయము ఆయన బలిపూజలో పరిచర్య చేసి, ఆ తరువాత బడికి పోయేవారు.

1916 మార్చి 22న టోల్కీన్ ఈడిత్‌ను వివాహమాడారు. జూన్ మాసములో లాంకషైర్ ఫ్యూజిలియర్స్ 11వ పటాలములో చేరుటకు ఫ్రాన్సు దేశమునకు పంపబడ్డారు. సంకేతముల ద్వారా వార్తలు పంపుట ఆయన పని. జులై 1న సోమ్ యుద్ధము ఆరంభమైనది. ఆ ఒక్క దినముననే బ్రిటిష్ సేనలో 19 వేలమందికి పైగా చనిపోయారు. వారిలో టోల్కీన్ బాల్య స్నేహితుడు రాబర్ట్ గిల్సన్ ఒకరు. మరియొక ప్రాణ స్నేహితుడు జి.బి. స్మిత్ డిసెంబరులో గాయములతో మరణించారు. పేల వలన వ్యాపించు ట్రెంచి జ్వరము సోకి టోల్కీన్ నవంబరులో ఇంగ్లండుకు చేరారు.

ఇట్టి భక్తుని జీవితములోను చలికాలము ఉన్నది. 1920ల కాలములో తాను ఆరాధనను దాదాపు విడిచిపెట్టితిననియు, పిల్లలను సరిగా పెంచలేదనియు 1963లో తన కుమారుడు మైకేల్‌కు వ్రాసిన ఉత్తరములో ఆయనే ఒప్పుకొన్నారు. 71 ఏండ్ల తండ్రి కుమారుని ఎదుట ఇట్లు ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు.

రెండవ ప్రపంచ యుద్ధములో మరియొక కుమారుడు క్రిస్టఫర్ వైమానిక దళములో చేరారు. 1944లో తండ్రి అతనికి వ్రాస్తూ, మరియ పాడిన గీతమును, స్తుతి ప్రార్థనలను కంఠస్థము చేయమన్నారు. తాను వాటిని లాటిన్‌లో తరచు చెప్పుకొందుననియు, బలిపూజలోని ముఖ్య ప్రార్థన కూడ నోటికి వచ్చినచో గుడి అందుబాటులో లేనప్పుడు హృదయములోనే చెప్పుకొనవచ్చుననియు వ్రాశారు. యుద్ధమును కన్నులార చూచిన తండ్రి, యుద్ధమునకు పోవు కుమారుని చేతికి ఇచ్చిన ఆయుధమది.

రెండవ వాటికన్ మహాసభ (1962-65) తరువాత కథోలిక దేవాలయములలో లాటిన్‌కు బదులు ప్రజల భాష వచ్చినది. వృద్ధుడైన టోల్కీన్ బోర్న్‌మత్ పట్టణములో మనుమడు సైమన్‌ను వెంటబెట్టుకొని గుడికి వెళ్ళారు. సంఘమంతయు ఇంగ్లీషులో జవాబులు చెప్పుచుండగా, తాతగారు ఒక్కరే గట్టిగా లాటిన్‌లో చెప్పారు. పిల్లవాడు సిగ్గుతో కుమిలిపోయాడు. తాతగారికి ఆ సంగతే పట్టలేదు. ఈ జ్ఞాపకమును సైమన్ పెద్దవాడైన తరువాత వెల్లడించారు.

మాతృభాషలో ఆరాధించుట మేలని మా నమ్మకము. కాబట్టి తాతగారి పట్టుదలను మేము సమర్థింపము. కాని మా మనస్సులో ఒక తలంపు కలిగినది. లాటిన్ ఆయనకు కేవలము గుడి భాష కాదు, తల్లి నేర్పిన భాష. ఆమె పేదరికములో నేర్పిన మాటలే అరువది ఏండ్ల తరువాత మనుమని చెవిని పడినవి. తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే అందించినది కూడ ఇట్టిదే గదా!

టోల్కీన్ 1973 సెప్టెంబరు 2న మరణించారు. గురువైన పెద్దకుమారుడు జాన్ ఆక్స్‌ఫర్డ్‌లో తండ్రి అంత్య ఆరాధన జరిపించారు.

ప్రియులారా, మన ఇండ్లలోను వృద్ధులు పాత కీర్తనను పాత రాగములోనే పాడుదురు. పిల్లలు సిగ్గుపడుదురు. ఈ శతజయంతి సంవత్సరములో ఒక సాయంకాలము వారి యొద్ద కూర్చుండి, ఆ కీర్తన ఎవరు నేర్పారో అడిగి వ్రాసికొనుడి. అడుగుటకు వారు ఎల్లకాలము మనతో ఉండరు.

దేవునికే మహిమ కలుగును గాక.