రహదారి గ్రాంటులు, రక్షణ శాసనాలు

గ్రాంటు అన్న మాట మన వారికి కొత్తది కాదు. వెనుకటి ఎయిడెడ్ పాఠశాలల మేనేజర్లకు దాని స్వభావం బాగా తెలుసును. గ్రాంటు వచ్చినచోటికి ఇన్‌స్పెక్టరు కూడా వచ్చేవాడు. ధనం ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు, లెక్కతో ఆగక నడవడిక కూడా అడుగుతాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రహదారి ప్రమాదాలను తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం అవలంబించిన విధానమంతా ఈ సూత్రంమీదనే నడచినది.

అందుకు కారణం వారి రాజ్యాంగ సంప్రదాయంలోనే ఉన్నది. మన దేశంలో మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని విషయం. కనుక మోటారు సైకిలు నడిపేవాడు శిరస్త్రాణం, అనగా హెల్మెట్టు, ధరించవలెనని 1988 నాటి చట్టంలోని 129వ విభాగంలో మన పార్లమెంటే విధించగలిగినది. అమెరికాలో రహదారిపై మనుష్యుల నడవడికకు సంబంధించిన శాసనాలు చేయడం మొదటినుంచీ రాష్ట్రాల పని. వాషింగ్టను నగరం చేతిలో ఉన్నది ధనం. 1956 నాటి చట్టంతో ఆరంభమైన మహారహదారుల నిర్మాణంలో నూటికి 90 డాలర్లు కేంద్రమే భరించినదంటే, ఆ ధనం బరువెంతటిదో ఊహించవచ్చును.

1960 తరువాతి సంవత్సరాలలో ఆ విశాలమైన రహదారులపై మరణాలు పెరగసాగినవి. 1966 నాటికి ఏటా మృతిచెందేవారి సంఖ్య 50,000 దాటినది. అంతకు ముందటి సంవత్సరమే రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది, తప్పంతా డ్రైవరుది కాదనీ, కార్ల నిర్మాణంలోనే దోషమున్నదనీ వాదిస్తూ ఒక గ్రంథం ప్రకటించి సంచలనం కలిగించినాడు. 1966 సెప్టెంబరు 9వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ రెండు శాసనాలపై సంతకం చేసినాడు. ఒకటి వాహనాల నిర్మాణానికి సంబంధించినది. మన ప్రస్తుతాంశం రెండవది, రహదారి భద్రతా శాసనం.

దానిని అమలుజరిపే సంస్థకు తొలి అధిపతిగా వచ్చినవాడు పోలీసు అధికారి కాదు, ఇంజనీరూ కాదు. విలియం హాడన్ అనే వైద్యుడు. మలేరియానూ మశూచినీ చూచినట్లే ఆయన రహదారి ప్రమాదాన్ని కూడా ఒక ప్రజారోగ్య సమస్యగా చూచినాడు. ప్రమాదానికి ముందు ఏమి చేయవచ్చును, జరిగే క్షణంలో దేహాన్ని ఎట్లు కాపాడవచ్చును, జరిగిన పిదప క్షతగాత్రుని ఎంత త్వరగా వైద్యునివద్దకు చేర్చవచ్చును అని విభజించి ఆలోచించడం ఆయన పద్ధతి. అందువల్లనే గ్రాంటు సొమ్ము డ్రైవర్ల శిక్షణకూ లైసెన్సుల పరీక్షకూ మాత్రమే గాక, ప్రమాదాల రికార్డులకూ, అత్యవసర చికిత్సకూ కూడా వినియోగపడినది. గ్రాంటు పంపకానికి సూత్రం ఒకటి ఉన్నది. మూడు వంతులు జనాభానుబట్టి, ఒక వంతు రహదారుల పొడవునుబట్టి రాష్ట్రాలకు చేరుతుంది. రాష్ట్రం తన వాటాలో నూటికి 40 వంతులు స్థానిక సంస్థలకు చేర్చవలెను.

ఇంతవరకు దానధర్మమే. శాసనంలో దండం కూడా ఉన్నది. కేంద్రం నిర్ణయించిన భద్రతా ప్రమాణాలను పాటించని రాష్ట్రానికి రహదారి నిర్మాణ సహాయంలో పదవ వంతు కోత. ఆ ప్రమాణాలలో ఒకటి శిరస్త్రాణం. దాని ఫలితం చిత్రమైనది. 1966 నాటికి ఊహలో కూడా లేని శాసనాన్ని 1975 నాటికి 47 రాష్ట్రాలు చేసినవి. కాలిఫోర్నియా, ఇల్లినాయి, యూటా మాత్రం లొంగలేదు. వాటిపై కోత చర్య ఆరంభం కాగానే మోటారు సైకిలువారి సంఘాలు, నా తల నా ఇష్టమంటూ కాంగ్రెసు సభ్యులను చుట్టుముట్టినవి. 1976లో కాంగ్రెసు ఆ దండాన్ని తొలగించినది. తరువాతి రెండు సంవత్సరాలలోనే 8 రాష్ట్రాలు శాసనాన్ని పూర్తిగా రద్దుచేసినవి. మరి 19 రాష్ట్రాలు దానిని చిన్న వయస్సువారికి పరిమితం చేసినవి. మోటారు సైకిలు ప్రమాదాలలో మరణించినవారు 1976లో 3,300 పైచిలుకు, 1980లో 5,100 పైచిలుకు. ఆ కాలంలో బండ్లు కూడా పెరిగినవి కనుక దోషమంతా రద్దుదే అనలేము. అయినా ఆ రద్దుకు మూల్యం ప్రాణాలతో చెల్లించిన కుటుంబాలు కొన్ని ఉన్నవని చెప్పక తప్పదు.

1984లో కాంగ్రెసు అదే ఆయుధాన్ని తిరిగి చేపట్టినది. ఈమారు విషయం మద్యం. కొన్ని రాష్ట్రాలలో 18 ఏండ్లకే, కొన్నింట 21 ఏండ్లకు గాని మద్యం అమ్మేవారు కారు. దానితో యువకులు పొరుగు రాష్ట్రానికి కారులో పోయి, త్రాగి, రాత్రివేళ తిరిగి వస్తూ దారిలో చనిపోయేవారు. 1980లో త్రాగిన డ్రైవరువల్ల పదమూడేండ్ల కుమార్తెను పోగొట్టుకొన్న కాండీ లైట్నర్ అనే తల్లి తనవంటి తల్లులను కూడగట్టి ఉద్యమం సాగించినది. రాష్ట్రాల హక్కులపై పట్టుదల గల అధ్యక్షుడు రీగన్ మొదట వ్యతిరేకించి, తుదకు జులై 17వ తేదీన సంతకం చేసినాడు. 21 ఏండ్ల నియమం చేయని రాష్ట్రానికి రహదారి సహాయంలో మొదటి యేడు నూటికి 5, పిదప నూటికి 10 కోత.

పంతొమ్మిదేండ్లవారికి తేలిక బీరు అమ్మనిచ్చే దక్షిణ డకోటా రాష్ట్రం న్యాయస్థానానికి ఎక్కినది. 1987లో సుప్రీంకోర్టు ఏడుగురు, ఇద్దరుగా విడిపోయి కేంద్రం పక్షాన తీర్పు చెప్పినది. నూటికి 5 కోత మృదువైన ప్రోత్సాహమే గాని బలాత్కారం కాదని ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్టు అభిప్రాయం. రోడ్డు వేయడానికి ఇచ్చే సొమ్ముకూ త్రాగే వయస్సుకూ సంబంధమేమని జస్టిసు సాండ్రా డే ఓకానర్ ప్రశ్నించినది. న్యాయశాస్త్ర దృష్టితో ఆమె ప్రశ్న తేలికైనది కాదని నాకు తోచును. కాని ఆ రోడ్డుమీదనే గదా ఆ పిల్లలు చనిపోయినది! 1988లో వయోమింగు చేరడంతో 50 రాష్ట్రాలూ ఒక్కదారికి వచ్చినవి. అమెరికా అధీనంలోని ప్యూర్టోరికో ద్వీపం మాత్రం 18 ఏండ్ల నియమాన్నే ఉంచుకొని, ఆ మేరకు రహదారి సొమ్ము వదలుకొన్నది.

శిరస్త్రాణం విషయంలో కాంగ్రెసు 1991లో మరొకమారు ప్రయత్నించినది. దండం ఈసారి స్వల్పం. సొమ్ము తగ్గించకుండా, నిర్మాణం నుంచి కొంత భాగం భద్రతా కార్యక్రమాలకు మళ్లించడం మాత్రమే. 1995లో దానినీ తీసివేసినారు. ఒకప్పుడు ఎదిరించిన కాలిఫోర్నియా 1992 నుంచి తన ఇష్టంతోనే, ఏ కోతా లేకుండా, ప్రతి మోటారు సైకిలు ప్రయాణికునికీ శిరస్త్రాణం విధించినది. ఇల్లినాయిలో నేటికీ అటువంటి శాసనం లేదు.