అర్దియా: పని వేట, వీసా మార్పు

అర్దియా కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేట్‌కు చెందిన ప్రాంతం. ఇళ్లతోపాటు గ్యారేజీలు, వర్క్‌షాపులున్న పారిశ్రామికవాడ కూడా ఇక్కడ ఉంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ చేరి ఇలాంటి చోట్ల పనిచేసేవారికి ఆ పని పోతే, కొత్త పని కంటే అకామా (నివాస అనుమతి) మార్పే పెద్ద చిక్కు. ఇంటిపనివారిది 20వ నంబరు వీసా, కంపెనీలవారిది 18. అంతకుముందు వీలులేకపోయినా, 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు మాత్రం, కఫీల్ (స్పాన్సర్ అయిన యజమాని) ఒప్పుకుంటే, 20 నుంచి 18కి మారే వీలిచ్చారు. పని నుంచి తీసేస్తున్నట్టు యజమానే నోటీసు ఇస్తే, కొత్త పని వెతుక్కోవడానికి వారంలో ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాలని కువైట్‌లో 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం చెబుతుంది. మంచి నిబంధనే, కానీ ఇంటిపనివారు దాని పరిధిలోకి రారు. వారికి 2015 నాటి 68వ నంబరు చట్టం వర్తిస్తుంది. ఇక ఎవరి దగ్గరైనా పనిచేసుకోవచ్చంటూ ఏజెంట్లు అమ్మే ‘ఆజాద్ వీసా’ చట్టంలో ఎక్కడా లేదు.