గజేంద్రుని సంశయం: పోతనలో దుఃఖసమస్య

దేవుడు సర్వశక్తుడు, దయామయుడు అయితే లోకంలో దుఃఖమెందుకు? ఈ ప్రశ్న తెలుగులో సూటిగా వినిపించిన ఘట్టాల్లో 15వ శతాబ్దపు పోతన గజేంద్రమోక్షం ముఖ్యమైనది. సంస్కృత భాగవతం అష్టమస్కంధంలో గజేంద్రుడు చేసేది పూర్వజన్మలో నేర్చిన స్తోత్రం. అందులో దైవాస్తిత్వంపై సందేహం లేదు. పోతన ఆ స్తుతిలో సంశయాన్ని ప్రవేశపెట్టాడు. దీనుల పక్షాన ఉన్నాడని లోకం చెప్పే దేవుడు అసలు ఉన్నాడా అని మొసలి పట్టులోని ఏనుగు అడుగుతుంది. కవి దానిని దోషంగా ఎంచలేదు. బలం సన్నగిల్లాక శరణాగతి ఆ సంశయం వెంటే వస్తుంది. ఇంద్రద్యుమ్నుడు అగస్త్యశాపంతో ఏనుగైన వృత్తాంతం రక్షణ జరిగాకే తెలుస్తుంది. కర్మ ఇక్కడ బాధితునికి చెప్పిన ఓదార్పు కాదు, శ్రోతకు ఇచ్చిన వివరణ. ఘట్టాన్ని కేవలం భక్తిపారవశ్యంగా చదివితే ఈ క్రమం మరుగున పడుతుంది.

పోతన స్వస్థలంగా జనగామ జిల్లా బమ్మెరను చెబుతారు (ఒంటిమిట్ట వాదం వేరే చర్చ). ఆ పరిసర జిల్లాల క్షేత్రాల్లో ఇదే సమస్యకు వేరే సమాధానాలున్నాయి. మహబూబాబాద్ జిల్లా కురవిలో కొలువైన వీరభద్రుడు దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన దండనమూర్తి. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో యముడు, ముక్తేశ్వరుడు ఒకే పానవట్టంపై రెండు లింగాలు. ముక్తేశ్వరుడు అందరికీ ముక్తినివ్వగా యమునికి పని లేకపోయిందని, అందుకే తొలిపూజ యమునికని స్థలపురాణం. అక్కడ మృత్యువు దైవానికి ప్రతిపక్షం కాదు.

పోతన మొసలి కూడా కేవలం దుష్టజంతువు కాదు. దేవలుని శాపానికి గురైన హూహూ గంధర్వుడది. చక్రం తల తెంచిన క్షణమే దానికీ విముక్తి.