62 పుటల పుస్తకం

ఈసారి పరిచయం చేయదలచిన పుస్తకం చాలా చిన్నది. 62 పుటలు. జర్మన్ భాష కొంత వచ్చినవారు ఒక సాయంకాలంలో చదివి ముగించగలరు. నాకు మూడు వారాలు పట్టింది. భాష కఠినంగా ఉండి కాదు. కొన్ని పుటల దగ్గర ఆగి, ఇలాంటి మాటలు నేనెక్కడ విన్నానో, ఎప్పుడు అన్నానో గుర్తు చేసుకోవలసి వచ్చింది.

1920లో లైప్‌జిగ్ నగరంలో అచ్చయిన ఈ పుస్తకానికి రచయితలు ఇద్దరు. కార్ల్ బిండింగ్ జర్మనీలో పేరెన్నికగన్న శిక్షాస్మృతి పండితుడు. ఆల్‌ఫ్రెడ్ హోహె ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యశాస్త్ర ఆచార్యుడు. పుస్తకం పేరును తెలుగు చేస్తే ‘బ్రతకదగని బ్రతుకును అంతమొందించడానికి అనుమతి’ అని వస్తుంది. అది వెలువడక ముందే బిండింగ్ కన్నుమూశాడు. ఆనాటికి నాజీల ప్రభుత్వం ఇంకా పదమూడేళ్ళ దూరంలో ఉంది. ఈ సంగతి మొదటే చెప్పాలి. రాక్షసుల కథగా మనం చదువుకునే చరిత్రలో ఒక తొలి అధ్యాయాన్ని పెద్దమనుషులైన విద్వాంసులు, సంయమనం గల శైలిలో, జాలి మాటలతో వ్రాశారు.

బిండింగ్ వాదం జాగ్రత్తగా మొదలవుతుంది. కోలుకోలేని వ్యాధితో బాధపడుతూ, తన స్థితి తనకు తెలిసి, మరణాన్ని తానే గట్టిగా కోరుకునే మనిషికి విముక్తి ఇవ్వడం నేరం కారాదని అతని మొదటి ప్రతిపాదన. బ్రతకాలనే కోరిక ఉన్నవారిని, వారు ఎంత నిస్సహాయులైనా సరే, ముట్టుకోరాదని కూడా అతడు స్పష్టంగా అంటాడు. ఇంతవరకు నేటి వైద్యులలో చాలామంది తల ఊపగలరు. తరువాత రెండవ వర్గం వస్తుంది: నయం కాని బుద్ధిమాంద్యం గలవారు. వీరికి బ్రతకాలన్న కోరికా లేదు, చావాలన్న కోరికా లేదు కనుక అడ్డు చెప్పేవారు లేరని అతని తర్కం. స్పృహ కోల్పోయి, లేచినా దుఃఖంలోకే లేచేవారు మూడవ వర్గం. ఇద్దరు వైద్యులు, ఒక న్యాయవేత్త కలిసిన సంఘం దరఖాస్తును పరిశీలించి అనుమతి ఇస్తుంది. మొదటి వర్గం నుండి రెండవ వర్గానికి కొన్ని పుటల దూరమే ఉన్నా, ఆ పుటల మధ్య ప్రశ్న మారిపోయింది. ‘నీకేమి కావాలి?’ అన్నది పోయి ‘నీవల్ల ఏమి ఉపయోగం?’ అన్నది వచ్చింది.

హోహె వైద్యుడు. ఆ రెండవ ప్రశ్నకు అతడు లెక్కలతో సమాధానం చెబుతాడు. వసతిగృహాలలో ఉన్న ఇటువంటివారు ఇరవై నుండి ముప్పై వేలమంది అనీ, ఒక్కొక్కరి పోషణకు ఏడాదికి 1,300 మార్కులనీ లెక్క వేస్తాడు. ఓడలో సమతూకానికి వేసే పనికిరాని బరువుతో వారిని పోలుస్తాడు. యుద్ధంలో ఓడి ఆకలితో ఉన్న దేశానికి ఆ అంకెలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించవచ్చు.

ఇక్కడే నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ క్రితం తెలుగునాట ఒక ఆసుపత్రిలో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు పన్నెండేళ్ళ బాలుడిని తీసుకువచ్చారు. పుట్టుకతోనే మెదడు దెబ్బతిన్నవాడు, మాట లేదు, నడక లేదు. న్యుమోనియా వచ్చింది. ‘వీడికి బ్రతికి మాత్రం ఏమున్నది?’ అని తోటి వైద్యునితో మెల్లగా అన్నాను. తల్లికి వినిపించింది. ఆమె కోపగించలేదు. ‘నా అడుగుల చప్పుడు గుర్తుపడతాడు, డాక్టరుబాబూ’ అన్నది. ఆ బాలుడు కోలుకొని ఇంటికి వెళ్ళాడు. నేను అన్నమాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అయితే తల్లిదండ్రుల ప్రేమ ఒక్కటే రక్షణ అని కూడా చెప్పలేము. హోహె పుస్తకాన్ని వ్యతిరేకించిన వైద్యుడు ఎవాల్డ్ మెల్ట్‌సర్, సాక్సనీలో బుద్ధిమాంద్యం గల పిల్లల ఆశ్రమానికి అధిపతి. తన వాదానికి బలంగా ఉంటుందని 1920లో రెండువందల మంది తల్లిదండ్రులకు ప్రశ్నపత్రం పంపాడు. 162 మంది బదులిచ్చారు. ఏదో ఒక పరిస్థితిలో బిడ్డ ప్రాణాన్ని నొప్పి లేకుండా తీసివేయడానికి 119 మంది సమ్మతించారు. మెల్ట్‌సర్ ఆశ్చర్యపోయాడు. తమను అడగకుండానే పని ముగించి, జబ్బుతో పోయాడని చెబితే బాగుండునని కొందరు వ్రాశారు. ఈ వాక్యం ఎక్కడకు దారితీసిందో తెలుసుకోవడానికి నేనుంటున్న డార్మ్‌స్టాట్ నుండి ఎక్కువ దూరం పోనక్కరలేదు.

డార్మ్‌స్టాట్‌కు నైరుతి దిక్కున, కారులో అరగంట లోపు దూరంలో గొడ్డెలావ్ అనే ఊరున్నది. అక్కడి ఫిలిప్స్ ఆసుపత్రిని 1533లో హెస్సె పాలకుడు ఫిలిప్ స్థాపించాడు. పల్లెలలోని పేదలు, వృద్ధులు, మతిస్థిమితం లేనివారు తలదాచుకోవడానికి కట్టించినది. వైద్యశాస్త్రం చదివిన నాటకకర్త గేయోర్గ్ బ్యూష్నర్ ఆ ఊరిలోనే 1813లో పుట్టాడు. అతని మాతామహుడు ఆ ఆసుపత్రికి పాలనాధికారి, తండ్రి వైద్యుడు. బ్యూష్నర్ అసంపూర్ణ నాటకం ‘వొయ్‌చెక్’లో ఒక డాక్టరు పేద సైనికునికి నాలుగు డబ్బులిచ్చి బఠాణీలు మాత్రమే తినిపిస్తూ ప్రయోగం చేస్తాడు. మనిషి మతి చలిస్తుంటే డాక్టరుకు అది ముచ్చటైన లక్షణంగా కనిపిస్తుంది, జీతం పెంచుతాడు. 1837లో ఇరవై మూడేళ్ళకే మరణించిన ఆ యువకుడు, రోగిని వైద్యుడు చూడకుండా చూడటం ఎలా ఉంటుందో కనిపెట్టి వ్రాశాడు.

శతాబ్దం తరువాత అది పరిపాలనా విధానమైంది. పుట్టుకతో వైకల్యం గల శిశువుల వివరాలు పంపాలని 1939 ఆగస్టు 18న మంత్రసానులకు, వైద్యులకు ఆదేశం వెళ్ళింది. దీనికంతటికీ మొదలు, ఒక తండ్రి తన వికలాంగ శిశువును చంపడానికి అనుమతి కోరుతూ హిట్లర్‌కు పెట్టుకున్న విన్నపమని కార్ల్ బ్రాంట్ అనే వైద్యుడు యుద్ధానంతరం న్యూరెంబర్గ్ విచారణలో చెప్పాడు. పెద్దల విషయంలో హిట్లర్ అనుమతిపత్రం మీద 1939 సెప్టెంబరు 1 తేదీ ఉన్నది, వ్రాసినది అక్టోబరులో. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు భవనం నుండి నడిచినందున ఆ కార్యక్రమానికి ‘టి4’ అని పేరు వచ్చింది.

ఆసుపత్రులకు ఒక ఫారం పంపేవారు. జబ్బేమిటి, ఎన్నాళ్ళుగా ఉన్నాడు, ఏమి పని చేయగలడు, ఏ జాతివాడు, చూడటానికి ఎవరైనా వస్తుంటారా? ముగ్గురు వైద్య నిపుణులు ఆ కాగితం చూసి గుర్తు పెట్టేవారు. ఎర్ర కూడిక గుర్తు చావు, నీలి తీసివేత గుర్తు బ్రతుకు. రోగి ముఖం వారు చూడలేదు. బిండింగ్ ఊహించిన ముగ్గురు సభ్యుల సంఘంలో న్యాయవేత్త జారిపోయాడు, దరఖాస్తు జారిపోయింది, చివరకు రోగి కూడా జారిపోయాడు. ఫారం మిగిలింది.

ఫిలిప్స్ ఆసుపత్రి నుండి వందలాది రోగులను 1941లో తరలించారు. యూదు రోగులను ముందుగా ఆ ఫిబ్రవరిలోనే డార్మ్‌స్టాట్‌కు దక్షిణాన ఉన్న హెప్పెన్‌హైమ్ ఆసుపత్రిలో పోగుచేసి పంపారు. గమ్యం లింబుర్గ్ దగ్గరి చిన్న పట్టణం హాడమార్. అక్కడ కొండ మీది ఆసుపత్రి నేలమాళిగలో స్నానాల గది వలె కనిపించే గదిని కట్టారు. 1941 జనవరి నుండి ఆగస్టు వరకు పదివేలమందికి పైగా అందులో కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయారు. గ్యాసు మీట తిప్పవలసినది వైద్యుడే అని నియమం. మరణ ధ్రువీకరణ పత్రంలో నమ్మదగిన అబద్ధపు కారణాన్ని ఎన్నుకోవడం కూడా వైద్యుని పనే. అపెండిక్స్ ఏనాడో తీసేసినవాడు అపెండిక్స్ వాపుతో పోయాడని కుటుంబాలకు ఉత్తరాలు వెళ్ళిన సందర్భాలున్నాయి. మెల్ట్‌సర్‌కు కొందరు తల్లిదండ్రులు వ్రాసిన కోరిక ఆ విధంగా నెరవేరింది.

పట్టణంలో అందరికీ తెలుసు. ఆ బస్సులను చూసి వీధి పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకునేవారని, పొగ కనిపిస్తున్నదని లింబుర్గ్ బిషప్ 1941 ఆగస్టు 13న న్యాయశాఖ మంత్రికి లేఖ వ్రాశాడు. అంతకు పది రోజుల ముందు మ్యూన్‌స్టర్ బిషప్ గాలెన్ చర్చిలో బహిరంగంగా ఖండించాడు. ఆగస్టు 24న గ్యాసు హత్యలు ఆపమని ఆదేశం వచ్చింది. అప్పటికి ఆరు కేంద్రాలలో చనిపోయినవారు వారి సొంత లెక్కల ప్రకారమే 70,273 మంది. హాడమార్‌లో మరుసటి ఏడాది నుండి మందులతోనూ ఆకలితోనూ చంపడం మొదలై, మరో నాలుగు వేలమందికి పైగా చనిపోయారు.

ఆదేశం వచ్చిన ఐదు రోజులకు బెర్లిన్‌లో ఒక సినిమా విడుదలైంది. పేరు ‘ఇష్ క్లాగె ఆన్’, అంటే ‘నేను అభియోగం మోపుతున్నాను’. మల్టిపుల్ స్క్లెరోసిస్ సోకిన భార్య మరణాన్ని వేడుకుంటుంది; ప్రేమమూర్తియైన వైద్యుడు, ఆమె భర్త, ఆ కోరిక తీరుస్తాడు. ప్రేక్షకులు కంటతడి పెట్టారు. తెర మీద కనిపించినది బిండింగ్ చెప్పిన మొదటి వర్గం, బస్సులలో వెళ్ళినది రెండవ వర్గం. అడిగి ఇచ్చిన మరణాన్ని చూపించి, అడగకుండా తీసిన ప్రాణాలకు సమ్మతి కూడగట్టారు.

ఇంత చరిత్ర చదివాక, మరణం అన్న మాట రోగి నోట వినబడితేనే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. అది కూడా న్యాయం కాదని చెప్పడానికి మన హైదరాబాదు యువకుడు ఒకడున్నాడు. కొలవెన్ను వెంకటేష్ చదరంగం క్రీడాకారుడు. కండరాలు క్రమంగా క్షీణించే డ్యుషేన్ వ్యాధితో పెరిగాడు. 2004 డిసెంబరులో, ఇరవై అయిదేళ్ళ వయసులో, వెంటిలేటర్ మీద ఉండగా, తన అవయవాలు పాడైపోకముందే వాటిని దానం చేసి పోవాలని కోరాడు. తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించింది. మెదడు మరణించకుండా అవయవాలు తీయడానికి 1994 నాటి చట్టం ఒప్పుకోదు; కోర్టు నిరాకరించింది. డిసెంబరు 17న అతడు మరణించాడు. చట్టపరంగా కోర్టు వేరే చెప్పగలిగేది కాదేమో. కాని ఇక్కడ మాట్లాడినవాడు రోగి. తన బ్రతుకు వ్యర్థమని అతడు అనలేదు. తన చావు వ్యర్థం కాకూడదన్నాడు.

దానికి పక్కనే మరొక సంగతి పెట్టి చూడాలి. 2016లో చిత్తూరు జిల్లాకు చెందిన ఒక దంపతులు కాలేయ వ్యాధితో ఉన్న తమ పసిపాపకు కారుణ్య మరణం ప్రసాదించమని కోర్టుకెక్కారు. పత్రికలలో వార్త వచ్చింది. ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకు వచ్చింది, కాలేయ మార్పిడి జరిగింది. చావు కోరిన నోటితో నిజంగా మాట్లాడినది ఆసుపత్రి బిల్లు. హోహె రాజ్యం తరఫున వేసిన 1,300 మార్కుల లెక్కను మన దేశంలో కుటుంబాలే రాత్రిపూట కూర్చుని వేసుకుంటాయి. ఎవరూ హంతకులు కారు; కాని ఆ లెక్క కింద పడేది మాత్రం మాట రాని మనిషే.

2018 మార్చిలో భారత సుప్రీంకోర్టు, ప్రాణాన్ని నిలిపే చికిత్స వద్దనే హక్కును, అందుకు ముందుగా వ్రాసి పెట్టుకునే పత్రాన్ని గుర్తించింది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2020 ఫిబ్రవరి 26న, తన మరణాన్ని తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ప్రతి మనిషికీ ఉన్నదని తీర్పు చెప్పింది. అదే న్యాయస్థానం మరుసటి ఏడాది డిసెంబరులో, కరోనా కాలంలో వెంటిలేటర్లు చాలకపోతే వైద్యులు వికలాంగులను వెనక్కి నెట్టే ప్రమాదమున్నదని, వారిని కాపాడే చట్టం చేయవలసిందేనని శాసనసభను ఆదేశించింది. కొందరు ఈ రెండు తీర్పులు పరస్పర విరుద్ధమంటారు. నాకు అవి ఒకే వాక్యంలోని రెండు భాగాలుగా కనిపిస్తాయి. నా బ్రతుకు గురించి నేను చెప్పే మాటకు విలువ ఉండాలి. నా బ్రతుకు విలువను నువ్వు కట్టకూడదు.

వైద్యులు కట్టే విలువ ఎంత తప్పో చెప్పే ఆధారాలున్నాయి. కనురెప్పలు, కళ్ళు తప్ప ఏ అవయవమూ కదపలేని రోగులను బెల్జియంలో లీజ్ నగర పరిశోధకులు ప్రశ్నించి 2011లో ఫలితాలు ప్రకటించారు. 47 మంది సంతోషంగా ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. ఆ పద్దెనిమిది మంది మాటనూ వినాలి. కాని ఆ 47 మందిని చూసి, వారిని అడగకముందు, మనలో ఎంతమంది ఏమి అనుకొని ఉండేవారము?

కనుక మరణాన్ని కోరే వికలాంగుని ఎదుట నేను రెండు సంగతులు తెలుసుకోవాలనుకుంటాను. మాట్లాడుతున్నది అతడేనా? అతనికి సహాయకుడు, నొప్పికి మందు, ఇంట్లో భారమనిపించని చోటు దొరికిన తరువాత కూడా అదే మాట అంటాడా? రెండింటికీ అవునంటే అతని నిర్ణయానికి అడ్డు నిలిచే అధికారం నాకు లేదు. మాట లేని మనిషి విషయంలో, మరణాన్ని చేరువచేసే పనికి చేయి వేయను. వ్యర్థమైన చికిత్సతో బాధ పొడిగించను. ఈ రెండింటి మధ్య గీత ప్రతి మంచం దగ్గరా మళ్ళీ గీయవలసిందే, ఒక్కోసారి చేయి వణుకుతుంది.

ఈ 62 పుటల పుస్తకం చదవమని సాధారణ పాఠకులకు చెప్పలేను. వైద్య విద్యార్థులకు మాత్రం చెబుతాను. మన ఊరి వార్డులలో, భోజనాల గదులలో మామూలుగా వినిపించే ఒక ప్రశ్నకు, శ్రద్ధగా, మర్యాదగా, అంకెలతో సహా ఇచ్చిన సమాధానం ఇందులో ఉన్నది. ‘వీడికి బ్రతికి మాత్రం ఏమున్నది?’ అని నేను కూడా అడిగాను. ఆనాడు సమాధానం చెప్పడానికి ఒక తల్లి అక్కడ ఉన్నది. హాడమార్‌కు వెళ్ళిన బస్సులలో ఆమెకు చోటు లేదు.