సంఘపు రిజిస్టరు, కుల ధ్రువపత్రం: అట్రాసిటీ చట్టం ఎవరికి వర్తిస్తుంది?

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చున్న పెద్దలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, మేము బాప్తిస్మం తీసుకున్నవాళ్లం. రేపు పొలం గట్టు దగ్గరో, మిరప కల్లం దగ్గరో ఎవరైనా కులం పేరుతో తిట్టి కొడితే మాకు అట్రాసిటీ కేసు ఉంటుందా, ఉండదా?"

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇది ఊరికే పుట్టిన సందేహం కాదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తరువాత ఈ ప్రశ్న దాదాపు ప్రతి సంఘంలోనూ వినబడుతోంది. చట్టం ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు, మిగిలిన దారులేమిటి అన్నవి సంఘాలకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

తీర్పులో ఏముంది

పాత గుంటూరు జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న పిట్టలవానిపాలెం మండలంలోని ఒక గ్రామంలో ఒక పాస్టరు ఆరాధనలు జరిపేవారు. కొందరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఆయన ఫిర్యాదు చేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదై, గుంటూరు ప్రత్యేక కోర్టుకు చేరింది. నిందితులు హైకోర్టుకు వెళ్లారు. ఫిర్యాదుదారు ఏళ్ల తరబడి పాస్టరుగా ఉన్నారని సాక్షులే చెప్పారు గనుక, ఆయన షెడ్యూల్డు కులపు వ్యక్తిగా ఆ చట్టాన్ని ఆశ్రయించలేరని జస్టిస్ ఎన్. హరినాథ్ కేసును కొట్టివేశారు. ఆయన వద్ద కుల ధ్రువపత్రం రద్దు కాకుండా ఉన్నా, అది మాత్రమే రక్షణ ఇవ్వదని కూడా అన్నారు.

ఈ మాటకు మూలం 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులో ఉంది. అందులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డు కులస్తులుగా లెక్కకు రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పేరాలో చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. అట్రాసిటీ చట్టం "షెడ్యూల్డు కులాలు" అన్న మాటకు రాజ్యాంగంలోని అర్థాన్నే తీసుకుంది. ఉత్తర్వులో లేని రక్షణ చట్టంలోకి రాకపోవడానికి కారణం అదే.

ఆ పేరాను 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టులో సవాలు చేశారు. మతం మారిన తరువాత కూడా అదే తీవ్రతతో వెనుకబాటు కొనసాగుతోందని రుజువులు చూపాలని కోర్టు అంది, పిటిషను నిలవలేదు. 2024 నవంబరు 26న సెల్వరాణి కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి క్రమంగా వెళుతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందూ ఎస్సీనని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. మన హైకోర్టు తీర్పు ఈ వరుసలోనిదే.

ఈ నేల మీద దాని బరువు

ఈ తీర్పు మన ప్రాంతానికి ఎందుకు గట్టిగా తగులుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి చూడాలి. 1842లో హేయర్ దొరగారు గుంటూరుకు వచ్చి లూథరన్ మిషను పని మొదలుపెట్టారు. ఒంగోలులో బాప్టిస్టు మిషను క్లౌ దొరగారు పనిచేశారు. కరువు కాలం తరువాత 1878 జులైలో వెలంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు ప్రాంతంలో మొదట వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. అంటే మన పల్లె సంఘాల పుట్టుక ఈ రెండు పల్లెల్లోనే ఉంది.

అట్రాసిటీ చట్టం పుట్టుకలోనూ ఈ నేల వాటా ఉంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బాధితులు ఊరు వదిలి చీరాల చేరారు. దళిత మహాసభ ఆ గాయంలోంచే పుట్టింది. 1989లో పార్లమెంటు ఈ చట్టం చేసింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా, అంటే 23 ఏళ్లు పట్టింది. చుండూరులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

చట్టం ఉన్నప్పుడే దారి ఇంత పొడవు. చట్టం వర్తించదని మొదటి మెట్టు మీదే అంటే బాధితుడి సంగతి ఏమిటి? కొట్టేవాడు సంఘపు రిజిస్టరు చూసి కొట్టడు. మాలపల్లె, మాదిగపల్లె అన్న ఆనవాలు చూసి కొడతాడు. క్రైస్తవంలో కులం లేదని కోర్టు అంది. విశ్వాసం ప్రకారం అది నిజం. ఊళ్లో మాత్రం అది నిజం కాలేదు. మన సంఘాల్లోనూ పూర్తిగా కాలేదని ఒప్పుకోవాలి. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం వరుస ఇంకా కనబడుతూనే ఉంది. కోర్టును ప్రశ్నించేముందు మనల్ని మనం ప్రశ్నించుకోవలసిన చోటు ఇది.

తీర్పు ఎవరిని తాకదు

మొదటిది, ఎస్టీలు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాలలో విశ్వాసులైనవారు కేవలం బాప్తిస్మం వల్ల ఎస్టీ హోదా కోల్పోరు. 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని, తెగ ఆచారాలు, సంబంధాలు కొనసాగుతున్నాయా అన్నది సాక్ష్యంతో తేలవలసిన విషయమని చెప్పింది. పల్నాడు, మార్కాపురం వైపు సంఘాలు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

రెండోది, మతం మారనివారు. ఒకే ఇంట్లో భర్త బాప్తిస్మం పొంది, భార్య పొందకపోవచ్చు. హోదా ఇంటి మొత్తానికి కలిపి పోదు, మనిషి మనిషికి విడిగా తేలుతుంది. స్వస్థత కూటానికో క్రిస్మసుకో వచ్చినంత మాత్రాన ఎవరూ మతం మారినట్టు కాదు. కోర్టులు బాప్తిస్మం, క్రమమైన ఆరాధన, చెప్పుకునే విశ్వాసం, జీవన విధానం అన్నీ కలిపి చూస్తాయి.

అట్రాసిటీ చట్టం వర్తించేవారికి దానిలోని హక్కులు బలమైనవి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఒక తీర్పుతో చట్టాన్ని సడలించగా, పార్లమెంటు అదే ఏడాది 18ఏ సెక్షను చేర్చి దాన్ని సరిదిద్దింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి. 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. నిందితుడి బెయిలు విచారణకు ముందు బాధితుడికి నోటీసు ఇవ్వాలి, అతడి మాట వినాలి. ఇది 15ఏ సెక్షను ఇచ్చిన హక్కు. నోటీసు తప్పనిసరని 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

క్రైస్తవ బాధితుడికి మిగిలిన దారులు

అట్రాసిటీ చట్టం వర్తించకపోతే నేరం నేరం కాకుండా పోదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చాయి. వాటిలో సంఘాలు తెలుసుకోవలసినవి ఇవి.

గాయపరచడం 115వ సెక్షను. దారి అడ్డగించడం 126. బెదిరింపు 351. ఆరాధన స్థలాన్ని అవమానించే ఉద్దేశంతో పాడుచేయడం 298. శాంతిగా సాగుతున్న ఆరాధనను భంగపరచడం 300. సమాధుల స్థలంలో చొరబడి అవమానించడం 301. వీటిలో బాధితుడి మతం అడ్డు రాదు.

కొత్తగా వచ్చిన రెండు నిబంధనలు మరీ ముఖ్యమైనవి. అయిదుగురు లేక అంతకు మించినవారు కలిసి కులం, వర్గం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో హత్య చేస్తే 103(2) కింద గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. అదే కారణంతో గుంపుగా తీవ్రంగా గాయపరిస్తే 117(4) కింద ఏడేళ్ల వరకు జైలు. ఇక్కడ చూసేది దాడి చేసినవారి కారణాన్ని. బాధితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండాలన్న షరతు లేదు.

1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టాన్ని కూడా మరవరాదు. అంటరానితనం కారణంగా ఏ వ్యక్తినైనా దుకాణం, హోటలు, నీటి వనరు వంటి చోట్ల అడ్డుకోవడం దాని కింద నేరం. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 17వ అధికరణంలో మతం మాటే లేదు.

ఫిర్యాదు చేసే తీరు ఇది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. ఫోను ద్వారా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయవచ్చు. కేసు నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితుడికి తెలపాలి. దెబ్బలు తగిలితే అదే రోజు ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోవాలి. వకీలు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. నంబరు 15100. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సహాయం ఉంది.

ఫిర్యాదులో జరిగినది జరిగినట్టు రాయడం అన్నిటికంటే ముఖ్యం. కులం పేరుతో తిట్టిన మాటలు, ఆరాధన ఆపమన్న బెదిరింపు, ఎంతమంది వచ్చారు, ఏ చేత ఏముంది అన్నీ ఉండాలి. అట్రాసిటీ సెక్షను ఒక్కదాని మీదే కేసు నిలబెడితే, అది కూలినప్పుడు దెబ్బల సంగతి కూడా దానితోపాటే కొట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ధ్రువపత్రాల మాట

మన రాష్ట్రంలో క్రైస్తవులుగా మారిన ఎస్సీలు, వారి సంతతి బీసీ-సీ వర్గంలోకి వస్తారు. ఆ కోటా ఒక శాతం. 1977లో జీవో 341 ద్వారా కొన్ని ప్రభుత్వ పథకాల లబ్ధిని వారికి కూడా ఇచ్చారు. అది పథకాలకే గాని, చట్టం ఇచ్చే హక్కులకు వర్తించదు. తప్పుడు కుల ధ్రువపత్రాన్ని రద్దు చేసే అధికారం, శిక్షించే వీలు 1993 నాటి రాష్ట్ర చట్టంలో ఉన్నాయి.

ఇక్కడే సంఘ కాపరుల మీద భారం పడుతుంది. "మా అబ్బాయి చర్చికి రాడని ఒక ఉత్తరం రాసివ్వండి" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. వారి కష్టం మాకు తెలుసు. పత్తి తీతకు, మిరప కోతకు పోయి చదివించిన బిడ్డ ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. వారిని నిందించే అర్హత మాకు లేదు. అయినా అబద్ధపు ఉత్తరం ఆ బిడ్డకే ఉరి అవుతుంది. పదేళ్ల తరువాత ఉద్యోగం మధ్యలో విచారణ వస్తే కాపరి సంతకమే సాక్ష్యంగా నిలబడుతుంది. రిజిస్టరు దిద్దవద్దు, పేజీ చింపవద్దు. ఎవరిదైనా ధ్రువపత్రం సందేహంగా ఉంటే ఫిర్యాదు రాకముందే న్యాయవాదిని సంప్రదించమని చెప్పండి.

మార్పు ఎక్కడినుంచి రావాలి

షెడ్యూల్డు కులాల జాబితాను మార్చే అధికారం రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం పార్లమెంటుదే. మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషనును ఈ విషయం పరిశీలించడానికి నియమించింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానం కోరిక మాత్రమే, చట్టం కాదు.

సూసై కేసులో కోర్టు అడిగినది రుజువులు. ఆ రుజువులు మన పల్లెల్లోనే ఉన్నాయి. ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టి, జరిగిన దూషణ, దాడి, వెలివేత తేదీతో, సాక్షుల పేర్లతో రాసి ఉంచితే, రేపు ఏ కమిషను ముందైనా, ఏ కోర్టు ముందైనా అది మాట్లాడుతుంది. అపొస్తలుడైన పౌలు కొరడా దెబ్బలకు ముందు తన రోమా పౌరసత్వాన్ని గుర్తుచేశాడు. తన హక్కు తెలిసి, దాన్ని నిజాయితీగా వాడుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదని మేము నమ్ముతున్నాము. ఈ వ్యాసాన్ని సంఘంలో చదివి వినిపించండి. చదవలేని పెద్దలకు, ముఖ్యంగా కూలికి పోయే తల్లులకు, రెండు నంబర్లు రాసివ్వండి: అట్రాసిటీ ఫిర్యాదులకు 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100.